సైమా రాసిన సుకన్య

ఇండస్ట్రియల్ డిజైన్ చదివేవాళ్లకు ఆఖరి సంవత్సరంలో డిజైన్ మేనేజ్‌మెంట్ అని ఒక పేపరు ఉంటుంది. బొమ్మ గీసేస్తే సరిపోదు. ఆ వస్తువును ఎవరు వాడతారో, ఎవరు తయారుచేస్తారో, ఎంతకు అమ్ముతారో మొదటి నుంచి చివరిదాకా నడిపించి చూపాలి. నరసరావుపేట కరీముల్లా కూతురు సైమాకు ఇది మంచినీళ్లు తాగినంత తేలికనిపించింది. నాన్నకు సొంత వర్క్‌షాపు ఉంది, అందులో ఆయన చేస్తున్న మిరపకాయల తొడిమలు తీసే యంత్రం ఉంది. ఇంకేం కావాలి?

ఆ యంత్రం ముందు కూర్చునే మనిషి కావాలి. కూలికి వెళ్లే ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్ల కష్టసుఖాలు తెలుసుకుని, అందరినీ కలిపి ఒక మనిషిగా రాయాలి. దాన్ని పర్సోనా అంటారు. సైమా పక్కనున్న రాజుపాలెం వెళ్దామని బయలుదేరింది గానీ, గుమ్మం దాటగానే ఎండ మాడు పగలగొట్టింది. వెనక్కొచ్చి, కూలర్ ముందు కాళ్లు చాపుకుని, మనిషిని కల్పించేసింది. క్లాసులో చానామంది చేసే ఘనకార్యమే ఇది.

పేరు సుకన్య. ఊరు రాజుపాలెం. భర్త లేడు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. ఒక కూతురు, బాగా చదివించాలి. కష్టం లేకపోతే మార్కులు పడవు కాబట్టి చివర్లో ఒక ప్రమాదం కూడా పెట్టింది: యంత్రం మొదటిసారి నడిపిన రోజే సుకన్య కుడిచెయ్యి రోలర్ల మధ్య నలిగిపోతుంది. అందుకని రోలర్లకు మూత ఉండాలని తేల్చింది. ప్రొఫెసర్ మురిసిపోయి, ఈమె నిజంగా బతికి ఉన్నట్టే ఉంది అని మెయిల్ పెట్టాడు.

మూత ఇంకా బొమ్మలోనే ఉంది. రేపు యంత్రానికి మొదటి ట్రయల్ అనగా, మధ్యాహ్నం వర్క్‌షాపు గుమ్మంలోకి ఒకావిడ వచ్చి నిలబడింది.

"మిషన్ మీద పనికి మనిషి కావాలన్నారంట."

"ఎవరన్నారక్కా?" అంది సైమా.

"ఏమోనమ్మా. రమ్మన్నట్టు అనిపిచ్చింది, వచ్చా."

ఆవిడ ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంది. ఎవరో ఆటపట్టిస్తున్నారని సైమా తనకు తానే సర్దిచెప్పుకుని పేరు అడిగింది.

"సుకన్య."

"ఏ ఊరక్కా?"

"రాజుపాలెం."

"రాజుపాలెంలో ఏ బజారు?"

ఆవిడ నోరు తెరిచింది. కాసేపు వెతుక్కుని, "రాజుపాలెం" అంది మళ్లీ.

"మీ కూతురి పేరేంది?"

ఆ మాటకు ఆవిడ మొహం పాలిపోయింది. "ఒక కూతురు. బాగా చదివించాల" అంది. అచ్చంగా సైమా టైపు చేసిన వాక్యమే. "పేరు నోటికి రావట్లేదమ్మా. కన్నతల్లికి బిడ్డ పేరు తెలీకపోవడం ఏంది?"

కరీముల్లాకు ఇవేవీ పట్టలేదు. మనిషి దొరికింది, అదే చాలు. "రేపు పొద్దున్నే రామ్మా" అని పంపేశాడు.

సైమా లాప్‌టాప్ తెరిచి ఆ ప్రమాదం తీసేయబోయింది. కాలేజీకి పంపేసిన ఫైలు కదా, మార్పులు తీసుకోలేదు. ప్రొఫెసర్‌కు ఫోన్ చేస్తే, "అదే కదమ్మా నీ ప్రాజెక్టుకు ప్రాణం" అని నవ్వాడు. ఇక నాన్న ఒక్కడే దిక్కు.

"నాన్నా, ఆమెను మిషన్ దగ్గర కూర్చోబెట్టొద్దు. చెయ్యి పోయిద్ది."

"ఏం మాటలే అవి? కొత్త మిషన్‌కి నువ్వే దిష్టి పెడతావా?" అని కసిరాడు కరీముల్లా.

మర్నాడు నాన్న టీ తాగుతుండగానే సైమా వర్క్‌షాపుకు పరుగెత్తి ఫ్యూజు పీకేసింది. తిరిగి చూస్తే సుకన్య అప్పటికే యంత్రం ముందు కూర్చుని ఉంది, పక్కన కాయల గోతం. ఆ ఘాటుకు సైమాకు తుమ్ములు ఆగడం లేదు. సుకన్యకు కన్ను కూడా చెమ్మగిల్లలేదు.

"ఇవ్వాళ పని లేదక్కా. ఇంటికెళ్లు."

"ఏ ఇంటికి?"

"అక్కా, ఈ మిషన్ నీ చెయ్యి తీసుకుంటది. నీకు తెలీదు."

"ఎందుకు తెలీదూ?" అంది సుకన్య నెమ్మదిగా. "ఈ మచ్చ ఎట్టా పడిందో తెలీదు. మొగుడు ఎట్టా పోయాడో తెలీదు. చెయ్యి ఎట్టా పోయిద్దో మాత్రం కళ్లకు కట్టినట్టు తెలుసు. నాకు జరిగేది అదొక్కటే. అది గూడా వద్దంటే నాకింకేం ఉందమ్మా?"

సైమాకు ఏడుపొచ్చింది. భయం వల్ల కొంత, సిగ్గు వల్ల చాలా. "ఇంకోటి రాస్తానక్కా. మంచిది రాస్తా" అంటూ నేల మీదే కూలబడి లాప్‌టాప్ తెరిచింది. కొత్త పేజీలో సుకన్య అని కొట్టింది. అక్కడ ఆగిపోయింది. తొడిమలు తీసే ఆడమనిషి మధ్యాహ్నం ఏం తింటుంది? ఎవరితో వేళాకోళమాడుతుంది? చేతులు మండితే ఏం రాసుకుంటుంది? తను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది, అయినా ఒక్కటీ తెలియదు. మళ్లీ కల్పిద్దామంటే భయం. ఏది రాస్తే ఆమెకు అదే జరుగుతుంది.

"నువ్వే చెప్పక్కా, నీకేం కావాల?"

"నాకెట్టా తెలిసిద్దమ్మా?" అంది సుకన్య, ఎంతో మర్యాదగా.

పీకిన ఫ్యూజు సైమా పక్కనే నేల మీద ఉంది. అయినా ఎదురుగా రోలర్లు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. సుకన్య కొంగు దోపుకుని, కుడిచేత్తో గుప్పెడు కాయలు తీసుకుంది.