రెండో పేజీ

శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా రెండు కిలోల ఉల్లిపాయలు ఎర్రగా వేగి పళ్లెంలోకి రావాలి. అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా ఇంట్లో జరిగే తెలుగు కూడికకి పిల్లలు కాక ఇరవై నాలుగు మంది వస్తారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, వాక్యం విని, మంచి ఆకలితో లేస్తారు. వాళ్లు లేచే వేళకి బిర్యానీ సిద్ధంగా ఉండాలి. ఆరేళ్లుగా దేవుడి మాటంతా నేను పొయ్యి మీది ఫ్యాన్ చప్పుడులోంచే విన్నాను.

"మా ఇంట్లో ఒక మార్త ఉంది బ్రదర్, ఎంత పిలిచినా వచ్చి కూర్చోదు," అంటాడు మా ఆయన రాజారావు, ప్రతి వారం. అందరూ నవ్వుతారు. బైబిల్లో ఆ మార్త కథ తెలియనివాళ్లు మా కూడికలో లేరు. యేసు ఇంటికొస్తే చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింది, అక్క మార్త పనితో సతమతమై, చెల్లెల్ని సాయానికి పంపమని అడిగి చీవాట్లు తింది. సరే. నన్ను పిలిచింది ఎప్పుడో నాకైతే గుర్తులేదు. పోనీ పిలిచాడే అనుకుందాం. వచ్చి కూర్చుంటే ఎనిమిదిన్నరకి "ఇంకా ప్లేట్లు పెట్టలేదా?" అని గుడ్లురిమేది ఎవరు?

మా కూడికలో ఇంకో పద్ధతి ఉంది. ఆడవాళ్లు సాక్ష్యం చెప్పొచ్చు. బాబుకి జ్వరం తగ్గింది, వీసా అప్రూవ్ అయింది, ప్రభువుకి స్తోత్రం అని రెండు నిమిషాలు. వాక్యం మాత్రం, అంటే బైబిల్ తెరిచి అర్థం చెప్పడం, మగవాళ్ల పని. ఎందుకని అడిగితే పెద్దాయన బ్రహ్మయ్యగారు "మొదట్నుంచీ అంతేనమ్మా" అంటారు, చాలా ప్రేమగా.

నేను ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు పట్టుకోవడం నా పని. మీటింగ్‌లో నేను చెప్పిన తప్పునే పక్క కుర్చీ అతను మళ్లీ చెబితే మేనేజర్ "గుడ్ క్యాచ్" అని అతన్ని మెచ్చుకుంటాడు. ఇంట్లోనూ అదే తంతు. రెండేళ్ల క్రితం రాజారావు, "నువ్వు ఎలాగూ చదువుతున్నావుగా కృపా, కొంచెం పాయింట్స్ రాసివ్వు, నాకు ఆఫీస్‌లో రిలీజ్ ఉంది," అన్నాడు. ఇచ్చాను. శుక్రవారం లేచి, "నిన్న ప్రభువు నాకు బయలుపరచిన సంగతి," అని మొదలుపెట్టాడు. నిన్న ఆయన సోఫాలో పడుకుని క్రికెట్ చూశాడు. ఆ సంగతి బయలుపడింది నాకు. లంచ్ టైమ్‌లో, ఆఫీస్ పార్కింగ్‌లో, కార్‌లో, ఒళ్లో పెరుగన్నం డబ్బాతో.

"బ్రదర్‌గారికి దేవుడు ఎంత లోతు ఇచ్చాడో కదక్కా!" అంది కూడికకి వచ్చే నళిని ఆ రోజు నా పక్కన గిన్నెలు కడుగుతూ. అవునన్నాను. ఎందుకన్నాను? మొగుడి పరువు కాపాడాను, నా నోరు నేనే నొక్కేసుకున్నాను.

ఈ వేసవిలో ఆ మార్త సంగతేదో తేల్చుకుందామని కూర్చున్నాను. ఆఫీస్‌లో టెస్ట్ రాసినట్టే రాశాను. మొదటి పేజీలో అందరూ అనుకునేది: మార్తకి పని తప్ప భక్తి లేదు, స్త్రీలు మార్తలా ఉండకూడదు. రెండో పేజీలో అసలు అక్కడ ఉన్నది. ఒక్కో మాటా వేలు పెట్టి చదివాను. ఆ కథ ఉన్న లూకా సువార్తతో ఆపకుండా యోహాను సువార్తకి వెళ్లాను. పదకొండో అధ్యాయంలో వాళ్ల తోడబుట్టినవాడు లాజరు చనిపోయాడు. యేసు ఆలస్యంగా వస్తున్నాడు. ఆయన వస్తున్నాడని విని ఎదురెళ్లింది ఎవరు? మార్త. మరియ ఇంట్లోనే కూర్చుంది. నువ్వుంటే నా తమ్ముడు చచ్చేవాడు కాదని మార్త ఆయన మొహం మీదే అంది. ఆయన కోప్పడలేదు, వంటింట్లోకి పొమ్మనలేదు. పునరుత్థానమూ జీవమూ తానేనన్న మాట ఆ వంటమనిషికే చెప్పాడు. నువ్వే క్రీస్తువని దారిలో నిలబడి ఒప్పుకున్నదీ ఆవిడే. చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు చదివానో! ఒక్కసారీ చూడలేదు. ఆ మధ్యాహ్నం కార్‌లో ఏసీ వేసుకుని వెక్కివెక్కి ఏడ్చాను. కోపంగా వచ్చిన ఆడదానికి కూడా దేవుడు నిలబడి జవాబు చెబుతాడని నాకు అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నేను నమ్మింది మా ఆయన చెప్పిన దేవుణ్ణి.

ఆ నోట్‌బుక్ డైనింగ్ టేబుల్ మీద వదిలేశాను. రాజారావు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. మొదటి పేజీ ఒక్కటే. తిప్పి చూసే తీరిక కూడా లేదు మహానుభావుడికి.

ఈ శుక్రవారం నేను దమ్ మీద మూత పెడుతుంటే హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. "ప్రభువు ఈ వారం నా హృదయంలో పెట్టిన మాట. మార్తకి పని తప్ప భక్తి లేదు. సిస్టర్స్, దయచేసి మార్తలా ఉండకండి. మా ఇంట్లోనే ఒక మార్త ఉంది, మీకు తెలుసు." నవ్వులు. తప్పని తేల్చడానికి నేను రాసిన మాటలు, నా అక్షరాలు, నా మీదికే.

మంచినీళ్లకి వచ్చిన మా స్పందన గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. పదమూడేళ్లు దానికి. "మమ్మీ, అది నీ నోట్‌బుక్‌లోది కదా? డాడీ ఎందుకు హిజ్ ఓన్ అని చెప్తున్నాడు?"

సమాధానం నా దగ్గర లేకపోలేదు. రెండేళ్లుగా నేను నోరు మూసుకోబట్టి. అదే సమాధానం, దాన్ని నా కూతురికి చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఏప్రన్ విప్పి కౌంటర్ మీద పడేశాను. నోట్‌బుక్, బైబిల్ తీసుకుని హాల్లోకి వెళ్లాను. సోఫా పక్కన నళిని జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు.

"ఏంటి కృపా, రైస్ అయిందా?" అన్నాడు రాజారావు.

"దమ్ మీద ఉంది. పది నిమిషాల్లో దించాలి. మీరు దించండి."

ఎవరో నవ్వబోయి ఆగారు. బ్రహ్మయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "సాక్ష్యం చెబుతావా అమ్మా? చెప్పు, చెప్పు, రెండు నిమిషాలు."

"సాక్ష్యం కాదండీ," అన్నాను. "వాక్యం. మీ బ్రదర్ చదివింది నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ. రెండోది నా దగ్గరుంది. యోహాను పదకొండు తీయండి."

ముందు నళిని బైబిల్ పేజీలు కదిలాయి. తర్వాత తలుపు దగ్గర నిలబడిన నా కూతురు ఫోన్‌లో వెతుక్కుంది. ఆ తర్వాత, చాలాసేపటికి, బ్రహ్మయ్యగారి బైబిల్ పేజీలు.

నేను ఒక్కో మాటా వేలు పెట్టి చదువుతూ ఉన్నాను. వంటింట్లోంచి మాడు వాసన మొదలైంది. ఇరవై నాలుగు మందీ అలవాటుగా నావైపు చూశారు. నేను రాజారావు వైపు చూసి, తర్వాతి వచనం చదివాను.