పెట్‌వే టోపీకి వకీలు

మా బెల్‌రోజ్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆట మధ్యాహ్నానికి గానీ మొదలవదు. పోట్లాట మాత్రం పొద్దున్నే మొదలవుతుంది. చదువుకుని వెళ్ళిన పాతవాళ్ళంతా తిరిగొచ్చే ఆ అక్టోబరు శనివారం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. స్టేడియం వెనక మైదానంలో ట్రక్కులు బారులు తీరతాయి. బ్యాండు పిల్లలు ఎక్కడో డప్పులు సవరించుకుంటూ ఉంటారు. నేను మూకుడు కింద కట్టెలు ఎగదోసి, క్యాట్‌ఫిష్ ముక్కల్ని మొక్కజొన్న పిండిలో దొర్లిస్తూ ఉంటాను. నూనె కాగేలోపల మగాళ్ళు తాడు కడతారు.

ఆ తాడు మా ట్రక్కుకీ, మా ఆయన స్నేహితుడు ఓజెమ్ ట్రక్కుకీ మధ్య కట్టేవాళ్ళం. దానిమీద మా కాలేజీ పాత హెడ్ కోచ్‌ల టోపీలు బట్టల క్లిప్పులతో వేలాడేవి. ఒక్కో టోపీకి ఒక్కో వకీలు. వకీలు లేచి తన కోచ్ ఎందుకు గొప్పో చెప్పాలి, మిగతావాళ్ళు అతన్ని ఉతికి ఆరెయ్యాలి, ఆఖర్న అందరూ చేతులెత్తాలి. అందరికంటే తక్కువ చేతులొచ్చిన వకీలుకి ఓదార్పుగా తోక ముక్క పెడతాను. వకీలే లేని టోపీ అయితే తాడు మీద ఉండటానికి వీల్లేదు. తీసి మూకుడు కింద మంటలో వెయ్యాలి.

వెయ్యాల్సింది నేనే. చేపలు వేయించే మనిషే తీర్పరి అని మా అత్తగారి కాలం నుంచీ కట్టుబాటు. గరిటె చేతిలో ఉన్న ఆడదానితో ఎవరు తగువు పెట్టుకుంటారు చెప్పండి? తీర్పరి వాదించకూడదు, చెయ్యెత్తకూడదు. "యులాలీ నోరు మూయించడానికి ఈ భూమ్మీద ఇదొక్కటే ఉపాయం" అనేవాడు ఓజెమ్.

లవీన్ అనే కోచ్ టోపీ అలాగే కాలిపోయింది. ఆయన వకీలు హ్యూస్టన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మూడుసార్లు పిలిచాను, ఎవరూ లేవలేదు. ఉన్ని టోపీ కదా, ఒకటే కంపు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా మైదానంలో లవీన్ పేరెత్తిన మనిషిని చూడలేదు. మనిషి ఇంత తేలిగ్గా పోతాడా అనిపిస్తుంది నాకు.

అలా పోగా మిగిలినవి మూడు టోపీలు.

గడ్డి టోపీ గిడ్రీది. మా ఆయన ఆల్సీడ్ దానికి వకీలు. గిడ్రీ కాలంలో కాలేజీ కుర్రాడు మా వీధిలో నడిచినా కవాతు చేస్తున్నట్టే ఉండేది. ఎండలో పరిగెత్తించి పరిగెత్తించి పిల్లల్లో నీరసమన్నదే మిగల్చలేదు. మా ఆట అంటే ఊళ్ళు భయపడింది ఆయన రోజుల్లోనే.

ఊదారంగు టోపీ మెర్రివెదర్‌ది. పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరైన వాల్మోర్ దానికి వకీలు. మెర్రివెదర్ బంతిని నేల మీద ఉండనిచ్చేవాడు కాదు, చేత్తో విసిరించి ఎప్పుడూ గాల్లోనే ఉంచేవాడు. చూడ్డానికి కన్నులపండగ. కానీ పెద్ద కాలేజీవాళ్ళు కన్ను గీటగానే సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

మూడోది వాన మరకలు పట్టిన బూడిదరంగు ఫెల్ట్ టోపీ, పెట్‌వేది. మిగతావి కొట్లో కొని తగిలించినవి, ఇది మాత్రం ఆయన నెత్తిన పెట్టుకున్నదే. దాని వకీలు ఓజెమ్.

పెట్‌వే మహానుభావుడు గెలిచింది తక్కువ. ఒక ఏడు తుఫాను వచ్చి మా పేటలోకి వాగు పొంగింది. అది సెయింట్ క్లెయిర్ వాళ్ళతో ఆట ఉన్న వారం. సెయింట్ క్లెయిర్ అంటే మాకు పుట్టుపగ. ఆయన ప్రాక్టీసు ఆపేసి, జట్టు మొత్తాన్ని కరకట్ట మీదికి తోలుకొచ్చి ఇసుక బస్తాలు మోయించాడు. తానూ మోశాడు. ఓజెమ్ వాళ్ళమ్మ కదల్లేని మనిషి, లోపల మంచం మీద ఉంది. నీళ్ళు గుమ్మం మెట్టు దాకా వచ్చి ఆగాయి. శనివారం నాడు పిల్లలు చేతులు పైకి లేవక గుండుసున్నాకి ఓడిపోయారు. క్రిస్మస్ రాకముందే పెట్‌వేని ఇంటికి పంపేశారు. తడిసిన టోపీ ఓజెమ్ వరండాలో ఆరేసి వెళ్ళినవాడు దానికోసం మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచీ ప్రతి ఏడూ ఇదే భాగోతం. చక్కెర మిల్లులో పక్కపక్కనే పని చేసిన ఇద్దరు మగాళ్ళు ఎదురెదురుగా నిలబడి గొంతులు చించుకునేవాళ్ళు.

"ఆట ముందు పిల్లల చేత ఇసుక మోయించినవాణ్ణి కోచ్ అంటార్రా? మేస్త్రీ అంటారు!" అనేవాడు మా ఆయన.

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు ఓజెమ్ లేచేవాడు. "ఒరేయ్ ఆల్సీడూ, ఆ మేస్త్రీ లేకపోతే ఇవాళ చేపలు మనల్ని తినేవిరా, మనం చేపల్ని కాదు!"

చేపల మాట దగ్గరికొచ్చేసరికి మైదానమంతా కలిసి అరిచేది. తర్వాత చేతులెత్తితే పెట్‌వేకి ఒక్క చెయ్యి, ఓజెమ్‌దే. "ఒక్కటి! పోయినేటి కంటే తగ్గలేదు, రాసుకోండి" అని, తోక ముక్క తీసుకుని కరకరలాడించుకుంటూ తినేవాడు. "తోకలో ఉన్న రుచి ఎక్కడా లేదు. మీకు తెలీదు, పాపం" అని ఊరించేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గెలవలేదు ఆ మనిషి.

ఈ వేసవిలో ఓజెమ్ పెరట్లో టమాటా పాదులకి నీళ్ళు పెడుతూ పెడుతూ కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. పైపు నీళ్ళు అలా పారుతూనే ఉన్నాయట. వాళ్ళావిడ క్లోటిల్డ్ ఇల్లు తాళం పెట్టి లేక్ చార్ల్స్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మా వాకిట్లోకి వచ్చి టోపీ నా చేతిలో పెట్టింది. "ఇది నాది కాదు యులాలీ, మీ తాడుది" అంది. నేను ఆల్సీడ్ వైపు చూశాను. ఆయన గొడ్డలికి పదును పెడుతున్నాడు, తల ఎత్తలేదు.

ఆ టోపీ మా బీరువా మీద ఉండిపోయింది. నేను ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా అదే ఆలోచన. అక్టోబరు వస్తుంది, దీనికి వకీలు లేడు, నా చేత్తో నేనే మంటలో వెయ్యాలి. ఒకరోజు అన్నం దగ్గర అడిగేశాను.

"టోపీ సంగతి ఏం చేద్దాం?"

"కట్టుబాటు ఉందిగా" అన్నాడు ఆల్సీడ్.

"కట్టుబాటు పాడుగాను. నువ్వు లేచి నాలుగు మాటలు చెప్పరాదూ?"

"నేను గిడ్రీ వకీల్ని లాలీ. ఒక మనిషికి ఒక టోపీ." అని బీన్స్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. వడ్డించుకోలేదు.

శనివారం రానే వచ్చింది. ఓజెమ్ ట్రక్కు ఉండే చోట వాళ్ళ మేనల్లుడు డెల్ఫిన్ తన ట్రక్కు ఆపాడు. వాడిది కొత్త బండి, బాగా ఎత్తు. తాడు కడితే మా వైపుకి వాలిపోయింది. టోపీలు మూడూ జారి మా ట్రక్కు అద్దం దగ్గర ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాల్మోర్ వాటిని సర్దుతాడు, అవి మళ్ళీ జారతాయి.

"వదిలెయ్ వాల్మోర్, మీ మెర్రివెదర్‌కి పారిపోవడం అలవాటేగా" అన్నాడు డెల్ఫిన్. నవ్వారు గానీ, ఎవరో చెబితే నవ్వినట్టు ఉంది.

నేను గరిటెతో మూకుడు అంచు మీద కొట్టాను. "గిడ్రీకి వకీలెవరు?"

ప్రతి ఏడూ నా మాట పూర్తికాకముందే లేచే మనిషి ఈసారి లేవలేదు. మడత కుర్చీలో కూర్చుని చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. మళ్ళీ పిలిచాను. ఆల్సీడ్ కదల్లేదు. ఈ మనిషి గిడ్రీ టోపీ కూడా కాల్పిస్తాడా ఏంటి అనుకున్నాను.

మూడోసారి పిలవబోతుంటే డెల్ఫిన్ చటుక్కున లేచాడు. "నేనుంటాను మిస్ యులాలీ. ఆల్సీడ్ అంకుల్‌కి ఒంట్లో బాలేదనుకుంటా."

మెర్రివెదర్‌కి వాల్మోర్ లేచాడు. ఇక మిగిలింది ఒక్కటే.

"పెట్‌వేకి వకీలెవరు?"

మోకాళ్ళ మీద చేతులు ఆనించి, కుర్చీ కిర్రుమంటుంటే మా ఆయన లేచి నిలబడ్డాడు.

పక్క ట్రక్కులవాళ్ళు రేడియో తగ్గించారు.

ఆయన మొదలుపెట్టాడు. వాగు ఎలా పొంగిందో, పెట్‌వే మోకాలి లోతు నీళ్ళల్లో ఎలా నిలబడ్డాడో, ఏ పిల్లాడు ఎక్కడ బస్తా దించాడో. ఒక్క మాట ఆయనది కాదు. అన్నీ ఓజెమ్ మాటలు. ఓజెమ్ ఎక్కడ ఆగి ముక్కు చీదేవాడో అక్కడే ఆగాడు. ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి, వినకుండా అరుస్తున్నాడనుకున్నాను. అక్షరం వదలకుండా విన్నాడు.

తర్వాత తిట్టే వంతు డెల్ఫిన్‌ది. వాడు గొంతు సవరించుకున్నాడు. "అంకుల్, అదీ... పెట్‌వే మంచివాడే గానీ, గిడ్రీ ఎక్కువ గెలిచాడు కదా."

"అంతేనా?" అన్నాడు ఆల్సీడ్.

"అంతే అంకుల్."

"అదేం తిట్టురా? గిడ్రీ కాలిరిగిన కుర్రాడి ఇంటికి వారంవారం వెళ్ళి కూర్చున్నాడని చెప్పవేం? జట్టుని తిండికి కూర్చోబెట్టి తాను ఆఖర్న తినేవాడని చెప్పవేం? పెట్‌వే మోయించాల్సింది ఊరి మగాళ్ళ చేత, పిల్లల చేత కాదని అడగవేం? ఊళ్ళో మగాళ్ళు లేరా అని అడుగు నన్ను!"

"ఊళ్ళో మగాళ్ళు లేరా అంకుల్" అన్నాడు డెల్ఫిన్ నెమ్మదిగా.

"అలాక్కాదు. గట్టిగా!"

వాడు తల దించుకున్నాడు. వాల్మోర్ గడ్డం గోక్కుంటూ స్టేడియం వైపు చూస్తున్నాడు. ఆల్సీడ్ ఒక్కొక్కరి మొహం చూశాడు. ఏ మాట కోసం చూస్తున్నాడో నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. పోయిన మనిషి మీద ఆ మాట విసరడానికి ఎవరికీ నోరు రాలేదు.

"అనండ్రా ఎవరైనా" అన్నాడు.

తీర్పరి నోరెత్తకూడదు. అయినా సరే, మూకుడు దగ్గర్నుంచే అన్నాను. "అతను కోచ్ ఏంటి? మేస్త్రీ!"

ఆయన గిర్రున నా వైపు తిరిగాడు. "ఆ మేస్త్రీ లేకపోతే ఇవాళ చేపలు..." అని ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. మైదానంలో ఒక్కడూ అందుకోలేదు. నూనె చిటపటలాడుతోంది, అంతే.

నేను మళ్ళీ గరిటె కొట్టాను, ఇంకేం చెయ్యాలో తోచక. "గిడ్రీకి చేతులు?"

ఒక్క చెయ్యి లేవలేదు. వకీలు డెల్ఫిన్ కూడా జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు.

"మెర్రివెదర్‌కి?" వాల్మోర్ తన నెత్తిమీది టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, చెయ్యెత్తలేదు.

"పెట్‌వేకి?"

అన్ని చేతులూ లేచాయి. పక్క ట్రక్కులవాళ్ళవి కూడా. ఇన్నేళ్ళలో పెట్‌వే గెలిచింది ఆ రోజే. నాకు కళ్ళు మసకబారాయి, పిండి చేతులతోనే తుడుచుకున్నాను.

"దించండి" అన్నాడు ఆల్సీడ్.

"ఏంటంకుల్, గెలిచారుగా!"

"దించమన్నానా? వాడు ఒక్క చేత్తో నిలబడ్డాడ్రా ఇన్నేళ్ళు. ఒక్కణ్ణి బతిమాలలేదు. మీ జాలి చేతులు వాడి మొహాన కొడతారా? దించండి. లాలీ, మళ్ళీ పిలువు. ఈసారి ఎవరి మనసులో ఉన్నవాడికి వాళ్ళు ఎత్తండి."

మళ్ళీ పిలిచాను. గిడ్రీకి లేచాయి, మెర్రివెదర్‌కి లేచాయి. ఎప్పుడూ గిడ్రీ ఒక్క చేతితో ముందుండేవాడు. ఆ ఒక్క చెయ్యి మా ఆయనది. అది లేక ఇద్దరూ సమానమయ్యారు. వాల్మోర్‌కి ఇన్నాళ్ళకి మొదటిస్థానంలో వాటా దక్కింది, పాపం, ఈల వెయ్యడానికి కూడా వీల్లేకపోయింది.

"పెట్‌వేకి?"

ఆల్సీడ్ చెయ్యెత్తాడు. అటూ ఇటూ చూశాడు. "ఒక్కటి" అన్నాడు. "రాసుకోండి" అని మాత్రం అనలేదు. నేను చాలన్నా ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.

బ్యాండు మోగింది. జనం స్టేడియం వైపు కదిలారు. డెల్ఫిన్ వెళ్ళబోతూ ఆగి, "సారీ అంకుల్, నాకు సరిగ్గా తిట్టడం రాలేదు" అన్నాడు.

"నీకు గిడ్రీ గురించి ఏం తెలుసురా? చర్చి అయ్యాక ఇంటికి రా. కూర్చోబెట్టి చెబుతా. వచ్చే ఏడు నన్ను మట్టి కరిపించాలి" అన్నాడు ఆల్సీడ్. వాడు తలూపి పరిగెత్తాడు.

మేమిద్దరం మిగిలాం. అలవాటు కొద్దీ తోక ముక్క పక్కన పెట్టే ఉంచాను. కాగితం పళ్ళెంలో పెట్టి, ఘాటు సాస్ కాస్త వేసి ఇచ్చాను. ఓడిన వకీలుది కదా. ఆయన కుర్చీ డెల్ఫిన్ బండి వైపు తిప్పుకుని కూర్చుని కొరికాడు. నములుతూ ఆగి వేలితో ముల్లు తీశాడు. మళ్ళీ కొరికాడు. మళ్ళీ ముల్లు.

"లాలీ, దీన్లో అంతా ముళ్ళేనే" అన్నాడు. "వాడు భలే రుచి అనేవాడు కదా?"

"అనేవాడు" అన్నాను.

స్టేడియంలో ఏదో గోల చేశారు. మావాళ్ళో అవతలివాళ్ళో తెలీలేదు. ఆయన తల తిప్పి చూడలేదు. ముళ్ళు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున పెట్టుకుంటూ, తోక ముక్క మొత్తం తిన్నాడు.