కొత్త పెట్టని పంట

మా ఆయన జయప్రకాశ్‌కు అందరికీ మేలు చేయాలన్న పిచ్చి ఉంది. ఆ పిచ్చంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంటే. మా మిరప చేలో పనికొచ్చే ముత్తక్క కూలి డబ్బులు దాచమని ఇస్తే, ఊరికే దాచడం దేనికని తనకు షేర్లు కొంటూ ఆ డబ్బుతో ఆమెకూ కొన్ని కొన్నాడు. ఫిరంగి గుండ్లు తయారుచేసే కంపెనీ అది. సరిహద్దులో కాల్పులని టీవీలో చెప్పిన వారమే షేర్ల ధర ఎగబాకింది. ఈయన లడ్డూలు పంచాడు. ఏం కంపెనీ అని ముత్తక్క అడగలేదు, ఈయన చెప్పలేదు.

ముత్తక్క భర్త పగిడయ్య రెండేళ్ల కింద వెదురు కోసం పినపాక అవతలి అడవికి పోయి, ఎవరో పాతిన మందుపాతర మీద కాలేశాడు. మిగిలింది మూట కట్టి తెచ్చారు.

చిక్కుళ్లు కాసే రోజుల్లో ఒక పొద్దున ముత్తక్క వచ్చింది. చేతిలో అప్పుడే కుట్టిన మోదుగాకు దొప్ప. ఆమె కూతురు పుష్పలతకు ఖమ్మంలో నర్సింగ్ సీటు వచ్చింది. ఆ సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. దాచమని ఇచ్చిన డబ్బు అడగడానికి వచ్చింది.

"పైసలు ముట్టేముందు కొత్త పెట్టాలె సారూ," అంది. "చిక్కుడైతే చిక్కుడు, మామిడైతే మామిడి. ఏది పండితే అది ముందుగాల మా పెద్దలకు పెట్టినంకనే మేం తింటం. ఇప్పుడు మా ఇంటాయన గూడ ఆ పెద్దలల్లనే ఉన్నడు. మీ కంపెనీల ఏం పండుతదో చెప్పున్రి. జరంత ఈ దొప్పల పెడ్త."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇనుప సామానులే, ముత్తక్కా."

"ఏం సామాను? కొడవళ్లా, పారలా?"

ఆయన నా వైపు చూశాడు. ఇలాంటప్పుడు మాత్రం నేను కావాలి. నాకు కోపంతో పాటు ఏడుపూ వచ్చింది.

"బాంబులు, ముత్తక్కా," అన్నాను.

ఆమె మెట్టు మీద కూలబడింది. దొప్ప ఒళ్లో పెట్టుకుంది.

"మన సైన్యం కోసమే చేస్తారు," అన్నాడాయన గబగబా. "పగిడయ్య తొక్కింది వాళ్లు చేసింది కాదు."

అది నిజమే. అయినా ఆ క్షణంలో ఆయన నోరు మూయాలనిపించింది.

"తొక్కిన కాలుకు ఎవలు చేసిన్రో ఎర్కైతదా సారూ?" అందామె. గొంతు పెంచలేదు. తర్వాత నాతో అంది, "గా దినం మీరు లడ్డు ఇస్తే తిన్ననమ్మా. పుష్పకని ఇంకోటి అడిగి కొంగుల కట్టుకపోయిన. ఏడనో ఎవల పిల్లలో సస్తుంటే, నేను నోరు తీపి చేసుకున్న."

ఆ లడ్డూలు చుట్టింది నేనే.

"ఆ షేర్లు ఇవాళే అమ్మేస్తాను. ఫీజు నా డబ్బుతో కడతాను," అన్నాడాయన.

"మీ పైసలు ఏడికెల్లి వచ్చినై సారూ? గవ్వి గూడ గా కంపెనీలయే గదా."

ముత్తక్క రోడ్డు వైపు చూసింది. పుష్పలత బస్టాండులో సంచి పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఆ పిల్ల చదువు మానేస్తే మళ్లీ మా చేలోకే రావాలి.

చివరికి ముత్తక్క లేచింది. దొప్పను మెట్టు మీదే వదిలేసి కొంగు పట్టింది.

"ఇయ్యున్రి," అంది.

ఆయన లోపలికి పోయి ఫీజు డబ్బు తెచ్చి ఆ కొంగులో పెట్టాడు. ఆమె ముడి వేసుకుంది. నేను ఊరుకోలేక అడిగాను.

"మరి కొత్త పెట్టకుండా ముట్టరు కదా, ముత్తక్కా?"

"ఇంకేం కొత్తనమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "గీ పంటల మొదటి వంతు మా ఇంటాయనకు ఎప్పుడో పెట్టిన్రు."