చార్జి తీసుకున్నవారు

మారుగూడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన రోజు నేను కోపం మీదున్నాను. ఎవరి మీదంటే, అమెరికా మీద. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపే ఇంట్లో పుట్టినదాన్ని, అంత పెద్ద దేశం మీద కోపగించుకుని చేసేదేమీ లేదు. అయినా ఉండబట్టలేదు.

అక్కడ డాక్టరీ పైచదువుకు పోయిన నాలాంటి వాళ్లకు ఒక షరతు ఉంటుంది. చదువు కాగానే స్వదేశం వెళ్లి రెండేళ్లు ఉండాలి. లేదంటే అక్కడే డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తామంటే ఆ షరతు మాఫీ చేస్తారు. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి ముప్పై మాఫీలు. నాకు దొరకలేదు; నేను ముప్పై ఒకటోదాన్నో, మూడు వందోదాన్నో వాళ్లు చెప్పలేదు. మా ఆయనకు అక్కడే ఉద్యోగం. నాలుగేళ్ల కావ్యను ఆయన దగ్గర వదిలి వచ్చాను. రెండేళ్లు ఊరికే కూర్చోలేక, ఎవరూ అడగని ఈ ఆదిలాబాద్ అడవిలో పోస్టు అడిగి తీసుకున్నాను. డాక్టర్లు దొరకని ఊరు కావాలన్నారుగా, ఇదిగో.

ఆసుపత్రి ఆయమ్మ కమలవ్వ చార్జి రిజిస్టరు నా ముందు పెట్టింది. ప్రభుత్వ కొలువులో ఒకరు చార్జి ఇస్తే ఒకరు తీసుకోవాలి. ‘ఇచ్చినవారు’ అన్న చోట అప్పటికే సంతకం ఉంది. డాక్టర్ రామచంద్రం. పక్కన ‘తీసుకున్నవారు’ ఖాళీ. ఎప్పటిదోలే అనుకుని సంతకం చేశాను. పేజీ తిప్పబోతే ఆయన సంతకం నీలి సిరా నా వేలికి అంటింది.

ఆ వారమంతా జనం మందు చీటీలు పట్టుకుని వచ్చారు. అన్నీ ఒకే చేతిరాత. చివరి చీటీ మీద తేదీ నేను చేరడానికి ముందు రోజుది. పిల్లల బరువు చూసి వేసిన మోతాదులు, ఎక్కడా తప్పు లేదు. అదే నాకు మరీ మండింది.

"ఈడ డాక్టరు ఏషం ఏసేది ఎవరవ్వా? పోలీసులకు చెప్తా" అన్నాను.

"ఏషం గాదు మేడం, రామచంద్రం సారే" అంది కమలవ్వ, గది ఊడుస్తూ. "వాగు అవతల కాన్పుకు పోతుంటే కొట్టుకపోయిండు. తొమ్మిదేండ్లాయె. కరీంనగర్‌కు ట్రాన్స్‌ఫర్ కాయితం జేబులనే ఉండె. చార్జి తీసుకునేటోళ్లు రాలే. మరి ఎట్ల పోతడు? నువ్వొచ్చినవ్, పోయిండు."

నవ్వి ఊరుకున్నాను. తర్వాత చీటీలన్నీ మళ్లీ తిరగేశాను. నేను సంతకం పెట్టిన తర్వాతి తేదీతో ఒక్క చీటీ కూడా లేదు.

రెండేళ్లు గడిచాయి. మొదట్లో ఫోను తెరమీద నేను కనబడగానే కావ్య ఎగిరేది. తర్వాత బొమ్మలతో ఆడుకుంటూ మాట్లాడేది. చివరికి "అమ్మ వచ్చింది, మాట్లాడు" అని వాళ్ల నాన్న బతిమాలాల్సి వచ్చేది. ఆ మాట మొదటిసారి విన్న రోజు బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను.

గడువు ముగిసింది. ఉద్యోగం నుంచి రిలీవ్ అయినట్టు కాగితం పంపమన్నాడు అక్కడి వకీలు. అది లేనిదే ముందుకు కదలదు. పై అధికారి దగ్గరికి పోతే ఆయన తల కూడా ఎత్తలేదు.

"నీ జాగల ఎవరన్న చార్జి తీసుకోవాలె గదమ్మా. ఎవరొస్తరు ఆడికి? ఇంకో ఏడు జూడు."

ఇంకో ఏడు. అప్పటికి కావ్య నన్ను ఆంటీ అంటుందని భయం వేసింది.

తిరిగి వచ్చాక కమలవ్వ రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచింది. "ఫికర్ జేయకు మేడం. సంతకం వెట్టి బల్ల మీద ఇడ్శిపెట్టు. నీ కోసం సారు గట్లనే వెట్టిండు."

తప్పని తెలుసు. దయ్యాలు లేవని కూడా తెలుసు. అయినా ‘ఇచ్చినవారు’ అన్న చోట సంతకం పెట్టి, సాయంత్రం నా చేత్తోనే ఆసుపత్రికి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను.

పొద్దున తెరిచేసరికి ‘తీసుకున్నవారు’ అన్న చోటు అదే నీలి సిరాతో నిండి ఉంది. వేలితో ముట్టుకున్నాను. తడి.

రిజిస్టరు పట్టుకుపోతే అధికారి, సంతకం ఉందా లేదా అని చూశాడే తప్ప పేరు చదవలేదు. రిలీవ్ కాగితం మీద ముద్ర కొట్టాడు. తిరిగొచ్చి, మధ్యాహ్నం బస్సు కోసం సామానుతో మారుగూడ రోడ్డు మీద నిలబడితే, ఒక తల్లి పసివాణ్ణి చంకనెత్తుకుని ఆసుపత్రి వైపు నుంచి వచ్చింది. చేతిలో చీటీ. అదే చేతిరాత, ఆనాటి తేదీ.

కమలవ్వ నాకొక గొడుగు ఇచ్చి పంపింది. వాగుకు పోయిన రోజు సారు మరిచిపోయిన గొడుగట. కరీంనగర్‌లో ఆయన ఇల్లు దారిలోనే కదా అని మర్నాడు వెళ్లాను. ఆయన భార్య జమునమ్మ గొడుగు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. గడప పక్కన మగవాళ్ల చెప్పుల జత తుడిచి పెట్టి ఉంది. ఏమీ అడగకుండానే చెప్పింది.

"పిచ్చిదనుకోకు బిడ్డా. రెండేండ్ల సంది పొద్దుగూకంగనే ఇంటికొస్తుండె. చెప్పులిడిశిన సప్పుడు వినపడేది, కుర్సీ కిర్రుమనేది. చాయ పెట్టేదాన్ని. గిన్నేండ్లకు ఇంటికొచ్చిండని మస్తు సంబురపడ్డ. మొన్నటి సంది రాలే." గొడుగు పిడిని రుద్దుతూ నా మొహంలోకి చూసింది. "నువ్వు ఆ మారుగూడ నుంచే వచ్చినవ్ గదా. మళ్ల డ్యూటీ వడ్డదా ఆయనకు?"

నా సంచిలో ముద్ర కొట్టిన కాగితం ఉంది. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. సిగ్గుతో సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"నాకు తెల్వదమ్మా" అన్నాను.

"నీకు పిల్లలా?"

"ఒక్క బిడ్డ. అమెరికాల వాళ్ల బాపు దగ్గరుంది."

"అయ్యో" అంది జమునమ్మ. ఆయన కుర్సీ ముందు పెట్టిన, చల్లారుతున్న చాయ గ్లాసు నా ముందుకు జరిపింది. "అయితే ఈడెందుకు కూసున్నవ్? జల్ది పో. పిల్ల ఎదురు సూస్తది."