ప్రార్థన తర్వాత పోసిన స్లాబు

“మంచం జరిపితే, నేను పోసిన స్లాబు కూలిపోతుందని ఊరంతా చాటినట్టేమే!” జడ్సన్ మేస్త్రి మూడోసారి అదే మాట అన్నాడు.

భార్య రెజీనా, అత్తగారి దుప్పటి మీద రాలిన పెచ్చులను చేటలోకి ఎత్తుతోంది. “ఊరు మన పడగ్గదిలోకి రాదులే. అత్తమ్మను వంటింట్లో పడుకోనీ.”

“ఉప్పుగాలికి మైపాడులో ఏ ఇల్లు పెచ్చులూడలేదు? రాళ్ళు అరగదీసేదానివి, నువ్వా నాకు చెప్పేది!”

“ఊరుకోండిరా,” అంది రెబెక్కమ్మ. “పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసిన స్లాబు. ఏం కాదు.”

పడగ్గదిలో పోయిన వారం రాలిన పెచ్చునీ, వంటింటి కప్పుకు బెజ్జం కొట్టినప్పటి ముక్కనీ అప్పుడే తను పనిచేసే ల్యాబ్‌కు చేర్చానని రెజీనా చెప్పలేదు. టిఫిన్ సంచి తీసుకుని నెల్లూరు బస్సెక్కింది.

పంతొమ్మిదేళ్ళుగా ఆ ల్యాబులో ఆమె పని ఒకటే. ఎవరెవరి కట్టడాల కాంక్రీటుకో మెరిసే పసుపు రంగు పట్టించి, గాజుబిళ్ళకు అతికించి, ఉల్లిపొరకన్నా పలచగా అరగదీస్తుంది. కలిపిననాడు నీళ్ళు ఎక్కువైతే, అవి ఆరిపోయి మిగిలిన సన్నటి ఖాళీల్లోకి రంగు ఎక్కువ దిగుతుంది. మైక్రోస్కోపు నీలి వెలుతురు కింద అంతకంత మెరుస్తుంది. కొలిచిన నీళ్ళతో చేసి ఉంచిన బిళ్ళలతో పోలిస్తే లెక్క తేలుతుంది. రిపోర్టు మీద సంతకం మాత్రం ఇంజనీరుది. ఆమె వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ మిషన్ కూడా గుర్తుపట్టదు.

అందరూ భోజనాలకు లేచాక తన బిళ్ళలు పెట్టి చూసింది. వంటింటి ముక్క, సిమెంటు బస్తాకు పాతిక లీటర్లు, సరైన లెక్కే. పడగ్గదిది పచ్చగా మండిపోతోంది. ముప్పై అయిదు దాటింది.

ఆమె ఆశ్చర్యపోలేదు. పదకొండేళ్ళ కిందటి మే నెల, ఈ స్లాబు పోసిన రోజు. వంటింటి వైపు పోసేశాక అయ్యగారు వచ్చారు. ప్రార్థన, వాక్యం, మళ్ళీ ప్రార్థన. కూలీలు తట్టలు దించి తలలు వంచుకున్నారు. ఎండకు కలిపిన మాలు బిగుసుకుపోయింది. ఆమెన్ అనగానే జడ్సన్ నీళ్ళు తెమ్మన్నాడు.

“వద్దు. పారేసి మళ్ళీ కలుపు,” అంది రెజీనా.

“కూలీల ముందర నోరు ముయ్యమే.”

నాలుగు బిందెలూ ఆమే మోసింది.

సాయంత్రం భర్త, అత్త, కూతురు అబిగయీలు అన్నానికి కూర్చున్నాక, రెండు బిళ్ళలూ జడ్సన్ పళ్ళెం పక్కన పెట్టింది. “పడగ్గది వైపు మాలులో నీళ్ళెక్కువ. కొట్టేయాల్సిందే.” ప్రార్థన మాట ఎత్తలేదు.

రెబెక్కమ్మ ముద్ద ఆపింది. “ఆ పొద్దు ఇంకో కీర్తన కూడా పాడమని అయ్యగారిని అడిగింది నేనే గదా. నా వల్లే ఆలస్యమయింది.”

జడ్సన్ ముఖం తేలికపడింది. “విన్నావా? తప్పు నాది కాదు.”

ముసలామె తల దించుకుంది. రెజీనా ఆమెకు ఇంకో గరిటె పులుసు వడ్డించింది.

“రేపు పొద్దున్నే అత్తమ్మనూ అబిగయీలునూ తీసుకుని బిట్రగుంటలో మా అక్క దగ్గరికి పోతున్నా. ఆ గది స్లాబు కొట్టినాకే వస్తాం,” అంది, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

అందరూ లేచిపోయాక, ఎంగిలి పళ్ళెం పక్కన బిళ్ళలు మిగిలాయి. బల్బు వెలుగులో రెండూ ఒకేలా ఉన్నాయి.