తలుపు వెనక గోడ

తెల్లటి పొడి.

వేళ్ల మీద, కనురెప్పల మీద, కిటికీలోంచి పడే ఎండచారలో... మెల్లగా దిగుతున్న తెల్లటి పొడి.

ఆమె గోడ ముందు కూర్చుని ఉప్పు కాగితంతో పాత రంగు రుద్దుతోంది. రేపు రంగులాయన వస్తాడు. కన్నాలు పూడ్చడం తన పని కాదని ముందే చెప్పేశాడు.

మేకుల కన్నాలు వేలితో పుట్టీ అద్దగానే మూసుకున్నాయి. బుద్ధిగా.

తలుపు వెనకది మాత్రం మాట వినలేదు.

పిడికిలంత కన్నం.

అది కూతురి కోపం. అలిగి గదిలోకి వచ్చినప్పుడల్లా తలుపును ఒక్క తోపు తోసేది. తలుపు పిడి వెళ్లి జిప్సం బోర్డు గోడకు కొట్టుకునేది. అక్కడే... అక్కడే... మళ్లీ అక్కడే. మెల్లగా తియ్యవే తల్లీ, అని ఆమె రోజూ గొణిగేది.

చలికాలంలో వచ్చిన జ్వరం పిల్లను తీసుకుపోయింది.

ఇప్పుడా తలుపును అందరూ మెల్లగా తీస్తున్నారు.

ఆ మెల్లదనమే ఆమెకు పడడం లేదు.

వదిన — భర్తకు అక్క — పిల్ల ఫొటోకు పెద్ద పటం కట్టించి తెచ్చింది. ఎవరో నవ్వమంటే నవ్విన నవ్వు. కన్నం మీద తగిలిస్తే కన్నమూ కనపడదు, పిల్లా కళ్లెదుటే ఉంటుంది అంది. మంచి మనసుతోనే అంది.

"అద్దంలో చూసుకున్నావా? పిండిమరలోంచి వచ్చినట్టున్నావు," అంది వదినే.

ఆమె నవ్వలేదు. పాత పేపరు ఉండచుట్టి కన్నంలో కుక్కి, పైన పుట్టీ మెత్తింది. ఇటుక గోడల మధ్య పెరిగిన చెయ్యి — గోడంటే లోపలా గోడే అనుకుంది. ముద్ద లోపలికి జారిపోయింది. రెండు బోర్డుల మధ్య, ఎక్కడో కింద, మెత్తటి చప్పుడు.

రంగులాయనకు ఫోన్ చేసింది.

"కన్నాన్ని ముందు పెద్దది చెయ్యాలమ్మా. చిరిగిన అంచు పుట్టీని పట్టదు. గట్టి బోర్డు తగిలేదాకా కొయ్యండి."

కట్టర్ పట్టుకుని ఆమె చాలాసేపు కూర్చుంది. ఆ చిరిగిన అంచు పిల్ల చేసింది.

తరవాత కోసింది.

నలుచదరంగా. తిన్నగా.

లోపల ఏమీ లేదు. చీకటి.

వెనక చెక్కపట్టీ పెట్టి స్క్రూ బిగిస్తుంటే పట్టీ జారబోయింది. వదిన పటాన్ని మంచం మీద పెట్టి వచ్చి, అడక్కుండానే పట్టుకుంది. కొత్త బోర్డు ముక్క కూర్చుంది. అతుకు మీద జాలీ టేపు. పుట్టీ. ఆరాలి... రుద్దాలి... మళ్లీ పుట్టీ.

సాయంత్రానికి గోడ ఒక్కటైంది.

వదిన మేకు తెచ్చింది. ఇక్కడేగా, అంది.

"మేకు వద్దు వదినా. పటం బల్ల మీద ఉండనివ్వండి. నా కూతుర్ని కన్నానికి మూతగా పెట్టను."

వదిన చెయ్యి గాలిలో ఆగింది. పోనీ, గోడకు తగలకుండా తలుపుకు రబ్బరు అడ్డన్నా పెట్టించమంది.

"పెట్టించను."

"మళ్లీ పగిలితే?"

"పగలనివ్వండి. ఈ ఇంట్లో కోపం రావలసినవాళ్లం ఇంకా బతికే ఉన్నాం. మళ్లీ కోస్తాను. మళ్లీ పూడుస్తాను."

మేకు వదిన పిడికిట్లోనే ఉండిపోయింది.

పక్కనుంచి పడే వెలుతురులో అతుకు దగ్గర ఇంకా సన్నటి గీత. రేపటికి పోతుందో, పోదో...

ఆమె కొత్త ఉప్పు కాగితం చింపింది. రుద్దింది.

తెల్లటి పొడి లేచింది.

ఆమె కళ్లు మూసుకోలేదు.