మొదటి షిఫ్టు

ఉల్లిపాయలు తరుగుతూనే ఆమె ఆ రోజు చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటోంది. నీళ్ళకు కొదవ లేదు. కరెంటు పోదు. పెద్ద రోడ్డు పక్కనే. బయటి కంపెనీలను ఒప్పించి తమ ప్రాంతానికి రప్పించే ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఇప్పటికి రెండు కంపెనీల వాళ్ళు వచ్చి, స్థలం చూసి, భోంచేసి వెళ్ళి, మళ్ళీ మొహం చూపించలేదు. ఈసారి వచ్చేది జిప్పులు తయారుచేసే కంపెనీ. అది వస్తే వందల మంది ఆడవాళ్ళకు పని దొరుకుతుంది.

“ఖాళీ నేల చూపించడానికి ఇంత కంగారెందుకు?” అన్నాడు భర్త, అద్దంలో తల దువ్వుకుంటూ. “నా చొక్కా ఇస్త్రీ అయిందా?”

అయింది. అతని టిఫిన్ డబ్బా, కూతురి డబ్బా, తన డబ్బా సర్దడమూ, అత్తగారికి కాఫీ ఇవ్వడమూ అయింది. ఇంట్లోంచి బయటపడేసరికే ఒక రోజు పని పూర్తయినట్టుండేది ఆమెకు. ఆఫీసులో అడుగుపెట్టగానే రెండో రోజు మొదలు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అందరు ఆడవాళ్ళ బతుకూ ఇంతేగా అని సరిపెట్టుకుంది. పైగా ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. ముళ్ళకంపలున్న చోట గోడలు లేవడం, లైట్లు వెలగడం ఊహించుకుంటుంటే ఆకలి కూడా తెలిసేది కాదు.

స్థలం చూడ్డానికి వచ్చిన కంపెనీ పెద్దాయన నెమ్మదస్తుడు. చెప్పిందంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. “మా మొదటి షిఫ్టు పొద్దున్న ఆరింటికి. ఆడవాళ్ళు వస్తారా?”

“ఎందుకు రారండీ!” అని పక్కనే ఉన్న ఆమె ఆఫీసరు అందుకున్నాడు. “మా ఆడవాళ్ళు కష్టజీవులు. ఇంటిపనంతా ముగించుకుని మరీ వస్తారు.”

ఈ మాట తానూ ఎన్నోసార్లు చెప్పింది. ఆఫీసు కరపత్రంలో రాసిందీ తానే. ఇవాళ ఇంకొకరి నోట వింటుంటే మనసులో గంటలు లెక్కపెట్టుకుంది. ఇంటిపనంతా ముగించుకుని ఆరింటికి గేటు దగ్గరుండాలంటే ఎప్పుడు లేవాలో ఈయనకు తెలుసా?

“రారండీ,” అనేసింది. “వచ్చినా నెలలో మానేస్తారు. ఆరింటికి వాళ్ళు పొయ్యి దగ్గరుంటారు. తొమ్మిదింటికి పెట్టండి, పిల్లల్ని ఉంచుకోడానికో గదివ్వండి. నిలబడతారు.”

ఆఫీసరు ఆమెను కొరకొరా చూశాడు. పెద్దాయన కారెక్కి వెళ్ళిపోయాడు.

“చేతికందినదాన్ని నేలపాలు చేశావు కదమ్మా!” తిరుగుదారంతా ఆఫీసరుది ఇదే గోల. అయినా ఆమెకు అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

నెల తిరక్కుండానే కబురొచ్చింది, కంపెనీ వస్తోందని. వాళ్ళ పాత ఫ్యాక్టరీలో ఆడవాళ్ళెందుకు మానేస్తున్నారో ఇన్నాళ్ళూ అంతుపట్టలేదట. ఇక్కడ షిఫ్టు తొమ్మిదింటికే పెడతారట, పిల్లల గదీ కడతారట. “ఇదంతా మా టీం ఆలోచన” అని ఆఫీసరు ఊరంతా చాటుతుంటే ఆమెకు కోపానికి బదులు నవ్వొచ్చింది. ఎవరి ఆలోచనైతేనేం, గోడలు లేస్తాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతంతా చెప్పింది. భర్త మనస్ఫూర్తిగా సంతోషించాడు. “శభాష్! వంటలన్నీ అయ్యాకే ఫ్యాక్టరీ గేటు తీస్తారన్నమాట. ఇళ్ళకు ఏ ఇబ్బందీ లేదు.”

ఆమె చేతిలో ముద్ద అక్కడే ఆగింది. నిజమే. అంత పెద్ద ఫ్యాక్టరీ వేళ మార్చింది గానీ, ఒక్క వంటింటిని కూడా మార్చలేదు తాను. వాళ్ళందరి వంటిళ్ళూ తన చేతిలో లేవు. ఇదొక్కటి ఉంది.

“రేపట్నుంచి పొద్దుటి వంట మీరు చెయ్యండి,” అంది. “రాత్రిది నేను చూసుకుంటాను.”

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. “నాకేం వచ్చని?”

“నాకూ పుట్టుకతో రాలేదు.”

కూతురు కిసుక్కున నవ్వింది. అత్తగారు మాత్రం తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న వంటింట్లో గిన్నెలు దడదడలాడాయి. ఆమె అత్తగారి గదిలో కిటికీ పక్కన ఊరికే కూర్చుంది. అలా ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో!

“నూనె ఎక్కడుంది?” లోపల్నుంచి కేక.

“ఆ పై...” అంటూ లేవబోయింది. అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

“కూర్చో అమ్మాయ్. అడిగినప్పుడల్లా నేనూ ఇలాగే లేచి అందించాను. అందుకే వాడికింకా తెలీదు.”

ఆమె కూర్చుంది. లోపల అరలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.